సూదిబెజ్జం గుమ్మం, యాజకుడి కాలికి తాడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే తీరులో ఉన్నాయి: "యూదుల ఆచారం ఇది అని ప్రసంగంలో విన్నాం, నిజమేనా?" అందుకని ముందు వాటినే తీసుకున్నాం.

ప్రశ్న: యెరూషలేములో 'సూదిబెజ్జం' అనే చిన్న గుమ్మం ఉండేదని, ఒంటె మీది బరువంతా దించి మోకాళ్ల మీద పాకిస్తేనే అందులోంచి దూరేదని మా దగ్గర సభల్లో చెబుతుంటారు. ఆ గుమ్మం ఇప్పుడు ఎక్కడుంది? (తాడేపల్లిగూడెం)

ఎక్కడా లేదు. మొదటి శతాబ్దంలో ఉండేదనడానికీ ఆధారం లేదు. యెరూషలేము గోడల గురించి అంత వివరంగా రాసిన మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఈ పేరు ఎత్తలేదు. యూదుల నోటి సంప్రదాయాన్ని కూర్చిన మిష్నాలో లేదు, తవ్వకాల్లోనూ బయటపడలేదు. ఈ కథ మధ్యయుగపు లాటిన్ వ్యాఖ్యానాల్లో కనిపిస్తుంది. యాత్రకు వెళ్లినప్పుడు పెద్ద తలుపులో అమర్చిన దిడ్డి తలుపును చూపించి "ఇదే అది" అని ఎవరైనా అంటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. పాత నగరం చుట్టూ ఇప్పుడు కనిపించే గోడను ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ 1537-41 మధ్య కట్టించాడు.

అసలు మత్తయి 19వ అధ్యాయంలో, ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడంకంటే సూదిబెజ్జంలో ఒంటె దూరడం సులభం అన్న మాట తర్వాతి రెండు వచనాలే ఈ కథకు అడ్డుపడతాయి. శిష్యులు ఆశ్చర్యపోయి "ఆలాగైతే ఎవడు రక్షణ పొందగలడు" అంటారు. బరువు దించుకుని వంగి దూరితే సరిపోయేదైతే అంత ఆశ్చర్యం దేనికి? "ఇది మనుష్యులకు అసాధ్యమే" అన్న జవాబు దేనికి? ఒంటె ఒంటే, సూది సూదే.

మాటతీరు తెలుసుకోవడానికి యూదుల గ్రంథాల్లో పనికొచ్చేది వేరే ఉంది. మిష్నా మీద పండితుల చర్చలను కూర్చిన బబులోను తల్మూదులో రెండు చోట్ల (బెరాఖోత్ 55బి, బావా మెత్సియా 38బి) సూదిబెజ్జంలో ఏనుగు దూరడం అనే మాట వస్తుంది. రెండోది మంచి ఎత్తిపొడుపు. తర్కం కోసం తర్కం చేస్తున్న పండితుణ్ణి ఇంకో పండితుడు "నువ్వు పుంబెదిత వాడివా ఏంటి? అక్కడివాళ్లు సూదిబెజ్జంలో ఏనుగును దూరుస్తారు" అంటాడు (పుంబెదిత బబులోనులో పండితుల పాఠశాల ఉన్న ఊరు). తల్మూదు సువార్తలకంటే కొన్ని శతాబ్దాల తర్వాత కూర్చినది కాబట్టి యేసు దాన్నుంచి తీసుకున్నాడని చెప్పకూడదు. జరగని పనికి ఇలాంటి అతిశయోక్తి వాడడం ఆ ప్రాంతపు పలుకుబడి అని మాత్రం చెప్పవచ్చు.

"ఒంటె కాదు, మోకు" అనే వాదన కూడా మీరు వినే ఉంటారు. గ్రీకులో ఆ రెండు మాటలకూ తేడా ఒక్క అచ్చు. తర్వాతి కాలంలో రెంటినీ ఒకేలా పలికారు. పాత ప్రతుల్లో ఉన్నది ఒంటే.

ప్రశ్న: ప్రాయశ్చిత్తార్థ దినాన ప్రధాన యాజకుడి కాలికి తాడు కట్టి లోపలికి పంపేవారని, గంటల చప్పుడు ఆగిపోతే చనిపోయాడని గ్రహించి బయటికి లాగేవారని అంటారు. ఇది ఏ గ్రంథంలో ఉంది? (ఖమ్మం)

బైబిల్లో లేదు, మిష్నాలో లేదు, తల్మూదులోనూ లేదు. తాడు మాట యూదుల మార్మిక గ్రంథమైన జోహార్‌లో ఉంది. ఆ గ్రంథం స్పెయిన్‌లో 13వ శతాబ్దం చివర వెలుగులోకి వచ్చింది. దేవాలయం కూలింది క్రీ.శ. 70లో. నడుమ పన్నెండు వందల ఏళ్ల దూరం.

గంటల సంగతి ఇంకా తేలిక. గంటలున్నది నీలి నిలువుటంగీ అంచుకు (నిర్గమ 28:33-35). అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు యాజకుడు దాన్ని విప్పి, నారబట్టలు మాత్రమే వేసుకోవాలి (లేవీ 16:4). లోపల గంటలే లేనప్పుడు చప్పుడు ఆగేదెలా?

ఆ రోజు ఏం చేసేవారో మిష్నాలోని 'యోమా' భాగం పూసగుచ్చినట్టు చెబుతుంది. ఏడు రోజుల ముందే ప్రధాన యాజకుణ్ణి ఇంటినుంచి తెచ్చి దేవాలయంలోని ఒక గదిలో ఉంచేవారు. ఆయనకు అశుద్ధత తగిలితే ఆయన స్థానంలో నిలబడడానికి ఇంకొకణ్ణి సిద్ధం చేసేవారు (1:1). ముందు రాత్రి కునుకుపాట్లు పడితే యువ యాజకులు మధ్యవేలితో చిటికెలు వేసి లేపేవారు, లేచి నేలమీద నిలబడమనేవారు (1:7). లోపలికి వెళ్లే దారి 5:1లో ఉంది. నడుమ ఒక మూర ఖాళీతో రెండు తెరలు. బయటి తెర దక్షిణపు కొసన, లోపలి తెర ఉత్తరపు కొసన తెరిచి ఉండేవి. అంటే దక్షిణాన ప్రవేశించి, రెండు తెరల మధ్య ఉత్తరం దాకా నడిచి, అక్కడ లోపలికి తిరగాలి. (తెర ఒక్కటే అన్న రబ్బీ యోసే అభిప్రాయాన్నీ అక్కడే రాశారు.) ఈ మలుపుల్లో తాడుతో మనిషిని లాగడం ఎంత పనో మీరే ఊహించండి.

భయం మాత్రం నిజంగానే ఉండేది. బయట జనం కంగారుపడకుండా ఆయన ప్రార్థన పొడిగించేవాడు కాదని అక్కడే రాసి ఉంది. క్షేమంగా బయటికొచ్చాక స్నేహితులకు విందు చేసేవాడు (7:4). ప్రసంగానికి ఈ విందు చాలు, తాడు అక్కర్లేదు.

ప్రశ్న: వ్యాఖ్యానాల్లో 'మిష్నా', 'బరైతా', 'బెరాఖోత్ 30బి' లాంటివి వస్తుంటాయి. వీటిని ఎలా చదవాలి? యేసు కాలపు ఆచారానికి సాక్ష్యంగా ఎంతవరకు వాడుకోవచ్చు? (బైబిలు కళాశాల విద్యార్థి, రాజమహేంద్రవరం)

నోటి సంప్రదాయం అంటే ముందు గురువు చెబితే శిష్యుడు వల్లెవేయడం. మిష్నా అనే పేరే మళ్లీ మళ్లీ చెప్పడం నుంచి పుట్టింది. దాన్ని క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హన్నాసి ఒక క్రమంలో పెట్టాడు: ఆరు విభాగాలు, 63 భాగాలు. కంఠస్థానికి కూర్చినదని చదవగానే తెలుస్తుంది. వాక్యాలు పొట్టివి, ఒకే మూసలో నడుస్తాయి. లెక్క ముందు చెప్పి తర్వాత జాబితా ఇస్తుంది. సబ్బాతున చేయకూడని పనులను 'నలభైకి ఒకటి తక్కువ' అని మొదలుపెట్టి, విత్తడం, దున్నడం, కోయడం, పన కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం అంటూ 39 చెబుతుంది (షబ్బాత్ 7:2). గింజలు నలుపుకుని తిన్న శిష్యులను పరిసయ్యులు ఎందుకు తప్పుపట్టారో ఈ జాబితాలోని 'కోయడం', 'నూర్చడం' దగ్గర అర్థమవుతుంది.

పాఠశాలల్లో 'తన్నా' అనే వల్లెవేసే మనిషి ఉండేవాడు. గురువుకు పాఠం కావాల్సి వస్తే అతను అప్పజెప్పాలి. అర్థం తెలియకుండా అప్పజెప్పేవాణ్ణి 'పుస్తకాలు నిండిన గంప' అని తల్మూదు వెక్కిరిస్తుంది (మెగిల్లా 28బి).

మిష్నా మీద జరిగిన చర్చ గెమారా. రెండూ కలిస్తే తల్మూదు. యెరూషలేము తల్మూదు క్రీ.శ. 400 ప్రాంతంలోనూ, బబులోనుది ఆ తర్వాత వందా నూటయాభై ఏళ్లకూ ఒక రూపానికి వచ్చాయి. ఇక అంకెలు. 5:1 లాగా ఉంటే అది మిష్నా: అయిదో అధ్యాయం, మొదటి అంశం. 30బి లాగా ఉంటే బబులోను తల్మూదు: ముప్ఫయ్యో ఆకు, రెండో వైపు. బెరాఖోత్ అనే భాగం రెంటిలోనూ ఉంది కాబట్టి అంకె చూడకపోతే గల్లంతవుతారు. మిష్నా 5:1 మీద చర్చ తల్మూదులో 30బి దగ్గర మొదలవుతుంది. దాదాపు ప్రతి భాగమూ రెండో ఆకుతోనే మొదలవుతుంది, మొదటి ఆకు కోసం వెతక్కండి. అది ముఖపత్రం కింద పోయింది. మొత్తం 2,711 ఆకులు. రోజుకొకటి చొప్పున ఏడున్నరేళ్లలో పూర్తిచేసే పద్ధతి 1923 నుంచి నడుస్తోంది. సెఫారియా సైటులో హెబ్రీ మూలం, ఇంగ్లీషు అనువాదం ఉచితంగా దొరుకుతాయి. ఉదహరించే ముందు ఆ ఆకు తెరిచి చూడండి. సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి.

సాక్ష్యం విలువ తేల్చడానికి మేం చూసేవి ఇవి. మొదట, మాట ఎవరిది? హిల్లేలు, షమ్మయి అనే ఇద్దరు పాత గురువుల పాఠశాలల వాదమైతే దాని మూలం చాలావరకు దేవాలయం కూలకముందు కాలానికి చేరుతుంది. భార్యను విడిచిపెట్టడానికి ఏది కారణం అన్న వాదం అలాంటిదే (గిత్తీన్ 9:10). షమ్మయి పక్షం లైంగిక దోషం ఒక్కటే అంది. హిల్లేలు పక్షం వంట పాడుచేసినా చాలంది. మత్తయి 19:3లో "ఏ హేతువుచేతనైనను" అని పరిసయ్యులు అడగడం ఈ తగాదాలోంచే. అదే చోట "ఇంకో అందగత్తె కనిపించినా చాలు" అన్న రబ్బీ అకీబా మాటను మాత్రం యేసు కాలానికి అంటగట్టకండి, ఆయన రెండో శతాబ్దం మొదట్లో వాడు. రెండోది, తల్మూదు వాక్యం 'తనూ రబ్బనన్' అని మొదలైతే అది బరైతా, అంటే మిష్నాలో చేరకుండా బయట మిగిలిన పాత పాఠంగా ఉదహరించినది. అది సాధారణంగా హెబ్రీలో ఉంటుంది, చుట్టూ చర్చ అరామిక్‌లో ఉంటుంది. అనువాదంలో ఈ తేడా మాసిపోతుంది. మూడోది అన్నిటికంటే గట్టిది: బయటి సాక్ష్యం. జోసీఫస్, కుమ్రాను చుట్టలు (మృత సముద్రం దగ్గర దొరికిన పాత యూదు రాతప్రతులు), సువార్తలు, తవ్వకాలు వీటిలో ఏదో ఒకటి అదే చెబుతోందా? కింది ప్రశ్నలో దాని నమూనా ఉంది.

ప్రశ్న: మార్కు 7లో చేతులు కడుక్కోవడం గురించి అంత గొడవ ఎందుకు? అది శుభ్రతే కదా. కానా పెళ్లిలో రాతిబానలకూ దీనికీ సంబంధం ఉందా? (నర్సాపురం)

ఉంది. ఇది మురికి వదిలించుకోవడం కాదు, అశుద్ధత తీసేయడం. చేతికి మట్టి అంటకపోయినా పోసుకోవాల్సిందే.

మిష్నాలో 'యాదాయిమ్' అనే భాగం ముఖ్యంగా చేతుల గురించే. ఒక మనిషికి పావు లోగు నీళ్లు కావాలి, ఇద్దరికైనా అది సరిపోవచ్చు. ముగ్గురు నలుగురికి అరలోగు (1:1). లోగు అంటే ఆరు కోడిగుడ్ల పరిమాణం. పావు లోగు నేటి లెక్కల్లో 86 మి.లీ. నుంచి 150 మి.లీ. దాకా వస్తుంది. గుడ్డు ఎంతన్న దగ్గరే పండితులకు తేడా. నీళ్లు పాత్రలోంచే పోయాలి. మట్టి పాత్రైనా, రాతి పాత్రైనా సరే. పగిలిన పాత్ర పెంకుతో పోస్తే చెల్లదు, పక్కవాడి దోసిట్లోంచి పోసినా చెల్లదు (1:2).

ఇక పాత్రలు. లేవీ 11:32-33 చెక్క, బట్ట, తోలు, గోనె పాత్రలను నీటిలో వేయమంటుంది, మంటి పాత్రను పగలగొట్టమంటుంది. రాయి ఊసు లేదు. అందుకే రాతి పాత్రకు అశుద్ధత అంటదని తీర్మానించారు. ధర ఎక్కువైనా రాతిబాన కొనుక్కుంటే మాటిమాటికి పగలగొట్టే పని ఉండదు. యోహాను 2:6లో "రెండేసి మూడేసి తూములు" అన్నచోట గ్రీకు కొలత ఒకటి సుమారు 39 లీటర్లు. అంటే ఒక్కో బాన 78 నుంచి 117 లీటర్లు, ఆరూ కలిపి 470 నుంచి 700 లీటర్లు.

ఇలాంటి సుద్దరాతి పాత్రలు యూదయ, గలిలయల్లో ఎన్నో దొరికాయి. పెద్ద బానలను తరిమెన పట్టి తిప్పారు, చిన్న గిన్నెలను ఉలితో చెక్కారు. ఉలిదెబ్బలు వాటి వెలుపల ఇప్పటికీ కనిపిస్తాయి. నజరేతుకు దగ్గర్లో రైనె అనే చోట ఆ పాత్రలు తయారుచేసిన గుహ ఒకటి 2017లో బయటపడింది. ఈ వాడుక హేరోదు కాలంలో ఊపందుకుని, దేవాలయం కూలాక తగ్గుతూ వచ్చింది. కాబట్టి ఇక్కడ మిష్నా, సువార్త, మట్టిలో దొరికిన రాయి మూడూ ఒకే మాట చెబుతున్నాయి. కాలికి తాడు కథకు ఇందులో ఒక్కటీ తోడు రాదు.

ప్రశ్న: "విశ్రాంతిదినమున నడవదగినంత" అంటే ఎంత దూరం? (మచిలీపట్నం)

రెండు వేల మూరలు, సుమారు 900 మీటర్లు. ఇంటి గుమ్మం నుంచి కాదు, ఊరి పొలిమేర నుంచి కొలవాలి. ముందురోజే ఆ హద్దు దగ్గర రెండు పూటల భోజనం పెట్టి వస్తే అదే ఇల్లు అయినట్టు, అక్కడినుంచి ఇంకో రెండు వేల మూరలు వెళ్లవచ్చు. కానీ ఎదుటి దిక్కున అంత దూరమూ తగ్గిపోతుంది.

ప్రశ్న: మా పాపకు నిస్సీ అని పేరు పెట్టాం. అది దేవుడి పేరు కాబట్టి మనుషులకు పెట్టకూడదని ఒకరన్నారు. (హైదరాబాదు)

నిర్భయంగా ఉంచుకోండి. నిర్గమ 17:15లో 'యెహోవా నిస్సీ' అన్నది మోషే కట్టిన బలిపీఠం పేరు. విడిగా 'నిస్సీ' అంటే 'నా ధ్వజం', అంతే. హెఫ్సీబా కూడా అలాంటిదే. యెషయా 62:4లో సీయోనుకు పెట్టిన పేరని అందరికీ తెలుసు, కానీ మనష్షే రాజు తల్లి పేరు కూడా అదేనని (2 రాజులు 21:1) తక్కువమంది గమనిస్తారు. యోబు కూతుళ్లలో కెజీయా పేరు మన వాళ్లకు నచ్చింది. మూడో అమ్మాయి కెరెంహప్పుకు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. దాని అర్థం కాటుక పెట్టుకునే కొమ్ము, అంటే కాటుక భరిణె. పలకడం తేలికైతే మన ఇళ్లలో బాగా నప్పే పేరు!

ప్రశ్న: యోనాతాను కొడుకు సమూయేలు గ్రంథంలో మెఫీబోషెతు, దినవృత్తాంతాల్లో మెరీబ్బయలు. 'బోషెతు' అంటే అవమానం అంటున్నారు. కుంటివాడని అలా పిలిచారా? (విజయవాడ)

కుంటితనానికీ పేరుకూ సంబంధం లేదు. 'బయలు' అంటే యజమాని, ప్రభువు. ఒకప్పుడు ఇశ్రాయేలు దేవుణ్ణి కూడా ఆ మాటతో పిలిచేవారు. దావీదు దగ్గరికి వచ్చిన శూరుల్లో బెయల్యా ఒకడు (1 దిన 12:5), ఆ పేరుకు 'యెహోవాయే బయలు' అని అర్థం. తర్వాత ఆ మాట కనాను దేవతకే అంటుకుపోయింది. హోషేయ 2:16 ఇకమీదట 'బయలు' అని పిలవద్దనేది అందుకే. సమూయేలు గ్రంథాన్ని రాసుకుంటూ వచ్చిన లేఖకులు పేర్లలోని 'బయలు' తీసి 'బోషెతు' పెట్టారు. దినవృత్తాంతాల్లో పాత రూపం మిగిలిపోయింది. సౌలు కొడుకు ఎష్బయలు, ఇష్బోషెతు కావడం కూడా అంతే. గిద్యోను యెరుబ్బయలు కాస్తా 2 సమూ 11:21లో యెరుబ్బెషెతు అయ్యాడు. పాత రూపం కల్పన కాదనడానికి గట్టి రుజువు ఇశ్రాయేలులో ఖిర్బెత్ కెయాఫా అనే తవ్వకాల చోట దొరికిన జాడీ. క్రీ.పూ. 1000 ప్రాంతపు ఆ జాడీ మీద 'ఎష్బయలు బెన్ బేదా' అని చెక్కి ఉంది, 2015లో ప్రచురించారు. అతను సౌలు కొడుకు కాదు, పేరు మాత్రం అదే.

ప్రశ్న: వచ్చే ఏడాది యాత్రకు వెళ్తున్నాం. ఇది ఫలానా ఊరు అని వాళ్లు దేన్నిబట్టి చెబుతారు? (డల్లాస్)

నాలుగు చూస్తారు. బైబిల్లోని దిక్కులు, దూరాలు. అరబ్బీ వాడుకలో మిగిలిన పాత పేరు. ఆ కాలపు కుండపెంకులు. దొరికితే శాసనం.

పేరు బలం మొదట చూపించింది అమెరికా బైబిలు పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్. 1838లో అరబ్బీ బాగా తెలిసిన ఎలీ స్మిత్‌తో కలిసి తిరుగుతూ రైతులను అడిగి ఊళ్ల పేర్లు రాసుకున్నాడు. అనాతా అంటే అనాతోతు, ముఖ్మాస్ అంటే మిక్మషు, జబా అంటే గెబ, సైలూన్ అంటే షిలోహు, ఎల్-జీబ్ అంటే గిబియోను. చివరిదానికి శాసనం కూడా కుదిరింది. 1956 నుంచి జేమ్స్ ప్రిచర్డ్ తవ్వితే గిబియోను పేరు చెక్కిన జాడీ పిడులు 31 దొరికాయి. రాతిలో తొలిచిన పెద్ద గుండ్రటి కోనేరు, దానికి 79 మెట్లు బయటపడ్డాయి. చాలామంది దాన్ని 2 సమూ 2:13లోని కొలనుగా భావిస్తారు.

పేరొక్కటే నమ్మితే మోసపోతారు, ఎందుకంటే జనంతో పాటు పేరూ కదులుతుంది. పాత ఊరు పాడుపడితే దిబ్బగా మిగులుతుంది, దాన్నే 'తేల్' అంటారు. మన పాటిదిబ్బల్లాగే అక్కడా రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకుపోయేవారు. పాత యెరికో దిబ్బకూ హేరోదు కట్టుకున్న యెరికో భవనాలకూ మధ్య సుమారు రెండు కిలోమీటర్లు. బేర్షెబా దిబ్బ ఇప్పటి నగరంలో లేదు, దానికి తూర్పున ఉంది. బేత్లెహేములు కూడా రెండు, ఒకటి యూదాలో, ఒకటి జెబూలూను భాగంలో (యెహో 19:15). గెబ, గిబియా, గిబియోను మూడూ కొండ అనే మాట నుంచే వచ్చాయి, మూడూ బెన్యామీనులోనే ఉన్నాయి. బస్సులో వింటూ కలగాపులగం కాకుండా పటం మీద ముందే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: యూదులు ప్రచురించిన కీర్తనల్లో 51:1 వెతికితే వేరే వాక్యం వస్తోంది. (గుంటూరు)

హెబ్రీ ప్రతుల్లో కీర్తన పైనున్న శీర్షికకు కూడా వచనసంఖ్య ఇస్తారు. 51వ కీర్తన శీర్షిక రెండు వచనాలు తీసుకుంది కాబట్టి మన 51:1 అక్కడ 51:3. మూడో కీర్తనలో తేడా ఒకటే. 23వ కీర్తనలో శీర్షిక, మొదటి వాక్యం ఒకే వచనంలో ఉన్నాయి కాబట్టి తేడా లేదు. యోవేలు 2:28 అక్కడ 3:1, మలాకీ 4:1 అక్కడ 3:19. పైన చెప్పిన బెయల్యా పేరు అక్కడ 1 దిన 12:6లోనూ, హోషేయ మాట 2:18లోనూ దొరుకుతాయి.